ఛార్జింగ్ పెడితే కరెంట్ మైనస్‌లో చూపిస్తోందా? తప్పు బ్యాటరీది కాకపోవచ్చు.. ఫోన్ లోపల కోడ్ ఒకలా, డాక్యుమెంట్ మరోలా ఉంటే జరిగేది ఇదే!

ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టి, బ్యాటరీ వివరాలు చూపించే యాప్ ఏదైనా ఓపెన్ చేస్తే కొందరికి వింత అంకెలు కనిపిస్తుంటాయి. ఛార్జింగ్ ఎక్కుతూనే ఉంటుంది, కరెంట్ మాత్రం మైనస్‌లో ఉంటుంది. ఒక ఫోన్‌లో 1500 మిల్లీ ఆంపియర్లు అని చూపించిన యాప్, అదే ఛార్జర్‌ని ఇంకో ఫోన్‌కి పెడితే 1 లేదా 2 అంటుంది. వెంటనే ఛార్జర్ మీద అనుమానం, తర్వాత కేబుల్ మీద, చివరికి ప్లే స్టోర్‌లో ఆ యాప్‌కి ఒక్క స్టార్.

చాలాసార్లు వీటిలో ఏదీ తప్పు చేసి ఉండదు. ఫోన్ లోపల బ్యాటరీ చిప్‌తో మాట్లాడే చిన్న ప్రోగ్రామ్ ఒకటి ఉంటుంది. అది ఒక లెక్కలో అంకె ఇస్తుంటే, డాక్యుమెంట్‌లో ఇంకో లెక్క రాసి ఉంటుంది. యాప్ తయారు చేసినవాళ్లు డాక్యుమెంట్‌ని నమ్మారు. అదే వాళ్ల తప్పు!

ఇంతకీ ఈ ప్రోగ్రామ్ ఏంటి? డాక్యుమెంట్ ఎవరు రాస్తారు? రెండూ ఎందుకు కలవవు?

ఫోన్ అడుగున లినక్స్

ఆండ్రాయిడ్ ఫోన్లన్నీ లినక్స్ కెర్నల్ మీదే నడుస్తాయి. 1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీ యూనివర్సిటీలో చదువుతున్న లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ఇది. ఇప్పుడు సర్వర్లు, టీవీలు, రూటర్లు, ఫోన్లు అన్నింట్లోనూ అదే. కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్నిటికంటే లోపలి పొర. మెమొరీ ఎవరికి ఎంత ఇవ్వాలి, ప్రాసెసర్ ఎవరి వంతు అనేది తేల్చేది అదే. ఇక కెమెరా, టచ్ స్క్రీన్, వైఫై, బ్యాటరీ లాంటి ఒక్కో పరికరంతో మాట్లాడటానికి కెర్నల్‌లో ఒక్కో ప్రోగ్రామ్ ఉంటుంది. దాన్నే డివైస్ డ్రైవర్ అంటారు.

కెర్నల్ కోడ్ 3 కోట్ల లైన్లు దాటి చాలా కాలమైంది. అందులో సగానికి పైగా డ్రైవర్లదే. దాదాపు ప్రతి 9, 10 వారాలకు ఒక కొత్త వెర్షన్ వస్తుంది. ఒక్కో వెర్షన్‌లో పది వేలకు పైగా మార్పులు చేరడం మామూలు విషయం. ఈ వేగంలో కోడ్ మారినంత త్వరగా దాని గురించి రాసిన మాటలు మారకపోతే ఏమవుతుంది? బోర్డు మీద ఒక ఊరు, బస్సు వెళ్లేది ఇంకో ఊరు అన్నట్టు తయారవుతుంది.

35 డిగ్రీలు అంటే 350నా? 35000నా?

బ్యాటరీ సంగతికే వద్దాం. కెర్నల్ తన లోపలి వివరాలను చిన్న చిన్న ఫైళ్ల రూపంలో బయటికి చూపిస్తుంది. ఆ చోటు పేరు సిస్‌ఎఫ్‌ఎస్. బ్యాటరీ వోల్టేజ్‌కి ఒక ఫైల్, కరెంట్‌కి ఒక ఫైల్, వేడికి ఒక ఫైల్. ఫైల్ తెరిస్తే అందులో ఒక అంకె మాత్రమే ఉంటుంది. యూనిట్ ఉండదు. ఆ అంకె దేనిలో కొలిచిందో చెప్పేది డాక్యుమెంట్ ఒక్కటే.

ఆ డాక్యుమెంట్ ప్రకారం బ్యాటరీ వోల్టేజ్ మైక్రో వోల్టుల్లో, కరెంట్ మైక్రో ఆంపియర్లలో ఉండాలి. అంటే 4 వోల్టులు ఉంటే ఫైల్‌లో 40 లక్షలు అని కనిపించాలి. వేడి మాత్రం డిగ్రీలో పదో వంతు చొప్పున. 35 డిగ్రీలైతే 350.

ఇక్కడే అసలు చిక్కు. ప్రాసెసర్ వేడి, ఫ్యాన్ స్పీడ్ లాంటివి చూసుకునే హార్డ్‌వేర్ మానిటరింగ్ విభాగం కూడా అదే కెర్నల్‌లో ఉంది. దాని రూల్ వేరు. అక్కడ వోల్టేజ్ మిల్లీ వోల్టుల్లో, వేడి డిగ్రీలో వెయ్యో వంతు చొప్పున ఉండాలి. అదే 35 డిగ్రీలు అక్కడ 35000 అవుతుంది. ఒకే బజారులో ఒక షాపు తులాల్లో, పక్క షాపు గ్రాముల్లో బంగారం తూచి, రశీదు మీద అంకె ఒక్కటే వేసి ఇచ్చినట్టు ఉంటుంది వ్యవహారం. రెండు పద్ధతులూ తప్పు కాదు. వేర్వేరు కాలాల్లో, వేర్వేరు అవసరాలకు పుట్టినవి. కానీ ఒక విభాగంలో డ్రైవర్ రాసి అలవాటైన ఇంజనీర్ రెండో విభాగానికి వచ్చి డాక్యుమెంట్ చూడకుండా రాస్తే మిల్లీకి, మైక్రోకి మధ్య వెయ్యి రెట్ల తేడా వచ్చేస్తుంది.

ఆండ్రాయిడ్ డెవలపర్ల గైడ్‌లో కూడా కరెంట్ మైక్రో ఆంపియర్లలో వస్తుందని, ఛార్జింగ్ ఎక్కుతుంటే ప్లస్, దిగుతుంటే మైనస్ అని రాసి ఉంది. యాప్ ఆ మాట నమ్మి, వచ్చిన అంకెను వెయ్యితో భాగిస్తుంది. ఫోన్ డ్రైవర్ అప్పటికే మిల్లీ ఆంపియర్లలో ఇస్తుంటే 1500 కాస్తా 1.5 అయిపోతుంది. డ్రైవర్ రాసినవాళ్లు గుర్తును తిప్పి రాస్తే ఛార్జింగ్ ఎక్కుతున్నప్పుడు మైనస్. స్క్రీన్ మీద కనిపించే వింత వెనకాల ఉన్న లెక్క ఇంతే.

మరి దీన్ని ఎవరూ పట్టుకోరా? పట్టుకునేవాళ్లు ఉన్నారు. కాకపోతే వాళ్ల చూపు మెయిన్ కెర్నల్ వరకే. ఫోన్ కంపెనీలు, చిప్ కంపెనీలు కెర్నల్ తీసుకుని తమ సొంత డ్రైవర్లు కలుపుకుంటాయి. వాటిలో చాలావరకు మెయిన్ కెర్నల్‌లోకి ఎప్పటికీ రావు. అక్కడ జరిగే చెకింగ్ వీటికి జరగదు. యాప్ వాళ్లేమో ఫోన్ మోడల్ చూసి లెక్క మార్చుకునే తిప్పలు పడుతుంటారు. కొన్ని యాప్‌లలో యూనిట్ మార్చుకునే, గుర్తు తిప్పుకునే ఆప్షన్ సెట్టింగ్స్‌లో ఉండేది అందుకే.

కోడ్, డాక్యుమెంట్ ఒకే ఇంట్లో

లినక్స్ కెర్నల్‌లో ఒక మంచి ఏర్పాటు ఉంది. డాక్యుమెంట్లు వేరే వెబ్‌సైట్‌లోనో, ఎవరి డ్రైవ్‌లోనో ఉండవు. కోడ్ ఉన్న చోటే డాక్యుమెంటేషన్ అని ఒక ఫోల్డర్ ఉంటుంది. కోడ్ మార్చే ప్యాచ్‌తో పాటే డాక్యుమెంట్ మార్పు కూడా పంపొచ్చు. రెండూ ఒకే చరిత్రలో నమోదవుతాయి. ఫలానా వెర్షన్ కోడ్‌కి ఫలానా డాక్యుమెంట్ అని తేల్చడం సులువు.

అంతకంటే దగ్గరి ఏర్పాటు ఇంకొకటి. ఫంక్షన్ ఏం చేస్తుంది, దానికి ఇవ్వాల్సిన పారామీటర్లు ఏంటి, తిరిగి ఏం ఇస్తుంది అనే వివరణను సరిగ్గా ఆ ఫంక్షన్ పైనే కామెంట్‌గా రాస్తారు. స్లాష్ పెట్టి రెండు నక్షత్రాలతో మొదలయ్యే ఈ కామెంట్లను కెర్నల్ డాక్ అంటారు. ఒక స్క్రిప్ట్ వాటిని ఏరుకొచ్చి పేజీలుగా మారుస్తుంది. 2016లో ఈ పేజీల తయారీకి స్ఫింక్స్ అనే టూల్ తెచ్చారు. కామెంట్లను ఏరే స్క్రిప్ట్ చాలా ఏళ్లు పెర్ల్ భాషలో ఉండేది, 2025లో దాన్ని పైథాన్‌లో తిరగరాశారు.

ఈ స్క్రిప్ట్ కాపలా కూడా కాస్తుంది. ఫంక్షన్‌లో మూడు పారామీటర్లు ఉండి కామెంట్‌లో రెండే రాస్తే ఒకదాని వివరణ లేదని వార్నింగ్ ఇస్తుంది. తీసేసిన పారామీటర్ పేరు కామెంట్‌లో మిగిలిపోయినా పట్టుకుంటుంది. కెర్నల్ బిల్డ్ చేసేటప్పుడు అదనపు వార్నింగ్‌ల ఆప్షన్ ఆన్ చేస్తే చాలు, ఇవన్నీ బయటపడతాయి. డాక్యుమెంట్‌లో ప్రస్తావించిన ఫైల్ అసలు ఉందా, పేరు మారిపోయిందా అని చూడటానికి ఇంకో స్క్రిప్ట్ ఉంది. సిస్‌ఎఫ్‌ఎస్ ఫైళ్ల సంగతి చూసే టూల్ అయితే ఇంకో అడుగు ముందుకేసి, నడుస్తున్న మెషీన్‌లో నిజంగా కనిపిస్తున్న ఫైళ్లలో డాక్యుమెంట్ లేనివి ఏవో లిస్ట్ తీసి ఇస్తుంది.

కానీ ఈ కాపలాకు ఒక హద్దు ఉంది. పేరు ఉందా లేదా అన్నది మెషీన్ చెప్పగలదు. పేరు పక్కన రాసిన మాట నిజమా కాదా అన్నది చెప్పలేదు. ‘కరెంట్, మిల్లీ ఆంపియర్లలో’ అని కామెంట్ ఉండి, కోడ్ మైక్రోలో ఇస్తుంటే ఒక్క వార్నింగ్ కూడా రాదు. అంతా పచ్చగానే కనిపిస్తుంది.

ఎవరూ వినని జవాబు.. ఏళ్ల తరబడి!

ఇలా మెషీన్ కంట పడని తేడాకు లినక్స్‌లోనే పెద్ద ఉదాహరణ ఒకటి ఉంది. డ్రైవర్ రాసేవాళ్లంతా తప్పనిసరిగా చూసే రెండు ఫంక్షన్లు ప్రోబ్, రిమూవ్. పరికరం దొరకగానే కెర్నల్ ప్రోబ్‌ని పిలుస్తుంది. పరికరం తీసేసినప్పుడు, లేదా డ్రైవర్‌ని దింపేసినప్పుడు రిమూవ్‌ని పిలుస్తుంది. రిమూవ్ పని సర్దుకోవడం. తీసుకున్న మెమొరీ తిరిగి ఇచ్చేయాలి, ఆన్ చేసినవి ఆఫ్ చేయాలి.

చాలా ఏళ్ల పాటు ఈ రిమూవ్ ఫంక్షన్ ఒక అంకె తిరిగి ఇచ్చేలా ఉండేది. సున్నా అంటే ఓకే, మైనస్ అంకె అంటే ఏదో తేడా వచ్చిందని. ఎవరు చూసినా ఏమనుకుంటారు? ఎర్రర్ చెబితే కెర్నల్ ఆగుతుందని, పరికరాన్ని తీయకుండా వదిలేస్తుందని లేదా మళ్లీ పిలుస్తుందని అనుకుంటారు. అలా అనుకునే చాలామంది డ్రైవర్లు రాశారు. సర్దుకునే పనిలో మధ్యలో ఏదైనా ఫెయిల్ అయితే ‘ఎర్రర్’ అని చెప్పి అక్కడితో వెనక్కి వచ్చేసేవారు.

అసలు సంగతి ఏంటంటే, కెర్నల్ ఆ అంకెను పట్టించుకునేదే కాదు. రిమూవ్ ఏం చెప్పినా పరికరం పోయినట్టే లెక్క. మధ్యలో వెనక్కి వచ్చేసిన డ్రైవర్ సగం సర్ది, సగం వదిలేసి వెళ్లిపోయేది. కొన్నిసార్లు మెమొరీ లీక్‌తో సరిపోతుంది. కొన్నిసార్లు ఇంకా ఘోరం. డ్రైవర్ డేటా పోయినా, దాన్ని వాడే టైమర్ లాంటిది ఒకటి ఇంకా బతికే ఉంటుంది. అది లేచి లేని డేటాను తాకితే సిస్టమ్ క్రాష్.

ఇక్కడ డాక్యుమెంట్ అంటే పేజీల్లో రాసిన మాటలే కాదు. ఫంక్షన్ రూపం కూడా ఒక డాక్యుమెంటే. ఆ రూపమే అబద్ధం చెబుతోంది. దీన్ని సరిచేసే పని జర్మనీకి చెందిన ఊవె క్లైనె-కోనిగ్ అనే డెవలపర్ భుజానికెత్తుకున్నారు. ‘ఈ అంకె పనికిరాదు, నమ్మకండి’ అని ఇంకో కామెంట్ రాసి ఊరుకోలేదు. ఆ అంకెనే తీసేసే దారి ఎంచుకున్నారు. 2021లో కెర్నల్ లోపలి బస్ స్థాయిలో, 2022లో ఐ2సీ డ్రైవర్లలో, ఆ తర్వాత ప్లాట్‌ఫామ్ డ్రైవర్లలో రిమూవ్ ఏమీ తిరిగి ఇవ్వకుండా మార్చారు. ఐ2సీ మార్పు ఒక్కటే వందల ఫైళ్లను తాకింది. ప్లాట్‌ఫామ్ డ్రైవర్లు మరీ ఎక్కువ కాబట్టి కొత్త రిమూవ్‌ని తాత్కాలికంగా వేరే పేరుతో పెట్టి, ఒక్కో డ్రైవర్‌నీ అటు మార్చి, అంతా అయ్యాక పాత పేరుకే తెచ్చారు. దీనికే కొన్నేళ్లు పట్టింది.

ఇప్పుడు ఐ2సీ డ్రైవర్ ఎలా రాయాలో చెప్పే డాక్యుమెంట్‌లోనూ రిమూవ్ ఏ విలువా ఇవ్వని ఫంక్షన్‌గానే ఉంటుంది. పాత అలవాటుతో ఎవరైనా ఎర్రర్ అంకె ఇవ్వబోతే కంపైలరే ఒప్పుకోదు. తప్పుగా అర్థం చేసుకోవడానికి వీలే లేకుండా చేయడం కంటే మంచి డాక్యుమెంట్ ఏముంటుంది చెప్పండి!

మెషీన్ చదవగలిగేలా రాస్తే..

ఇంకో చోట కెర్నల్ డెవలపర్లు వేరే దారి పట్టారు. ఫోన్లలో, చిన్న బోర్డుల్లో ఏ చిప్ ఎక్కడ ఉంది, ఏ వైర్‌కి తగిలించారు అన్నది కెర్నల్ తనంతట తాను కనుక్కోలేదు. అందుకే డివైస్ ట్రీ అని ఇంటి ప్లాన్ లాంటి ఒక ఫైల్ ఇస్తారు. ఆ ప్లాన్‌లో ఏ చిప్‌కి ఏ వివరాలు ఎలా రాయాలో చెప్పే డాక్యుమెంట్లను బైండింగ్స్ అంటారు.

మొదట్లో ఇవి మామూలు టెక్స్ట్ ఫైళ్లే. మనిషి చదువుకుని రాయాల్సిందే. ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా రాసేవారు. డాక్యుమెంట్‌లో ఇచ్చిన ఉదాహరణే తప్పుగా ఉన్నా చెప్పే దిక్కు లేదు. దాదాపు 2018 నుంచి రాబ్ హెరింగ్ తదితరులు వీటిని యామల్ ఫార్మాట్‌లోకి, కచ్చితమైన స్కీమాగా మార్చడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఒక కమాండ్ ఇస్తే డాక్యుమెంట్ సరైన రూపంలో ఉందో లేదో తేలిపోతుంది. అందులోని ఉదాహరణను కూడా నిజంగా కంపైల్ చేసి చూస్తుంది. ఇంకో కమాండ్ ఇస్తే బోర్డుల అసలు ప్లాన్ ఫైళ్లను డాక్యుమెంట్‌తో పోల్చి తేడాలు చెబుతుంది. డ్రైవర్‌లో కొత్త చిప్ పేరు చేర్చి, దానికి బైండింగ్ రాయకుండా ప్యాచ్ చెక్ చేస్తే, ఈ పేరుకి డాక్యుమెంట్ లేదని చెకింగ్ స్క్రిప్ట్ గుర్తు చేస్తుంది.

ఇంత పట్టుదల ఎందుకంటే, డివైస్ ట్రీ ఒక్కోసారి పరికరంతో పాటే ఫ్యాక్టరీ నుంచి బయటికి వెళ్లిపోతుంది. నాలుగేళ్ల తర్వాత కొత్త కెర్నల్ వేసినా ఆ పాత ప్లాన్‌తోనే నడవాలి. అప్పుడు పేరు తప్పు రాశామని నాలుక కరుచుకుంటే లాభం లేదు.

ఇటీవల కెర్నల్‌లోకి వచ్చిన రస్ట్ భాషలో అయితే ఇంకాస్త మేలు. డాక్యుమెంట్ కామెంట్‌లో రాసిన ఉదాహరణ కోడ్‌ని టెస్ట్‌గా నడిపించొచ్చు. కోడ్ మారి ఉదాహరణ పాతబడితే టెస్ట్ ఫెయిల్ అవుతుంది. 1991 నుంచి పేరుకున్న సీ కోడ్‌కి మాత్రం ఈ సుఖం లేదు.

రెండూ కలవనప్పుడు ఎవరి మాట నెగ్గుతుంది?

డాక్యుమెంట్ ఒకటి చెప్పి, కోడ్ ఇంకోటి చేస్తుంటే ఏది సరిచేయాలి? డాక్యుమెంట్ రూల్ కాబట్టి కోడ్ మార్చాలి అనిపిస్తుంది. లినక్స్‌లో అన్నిసార్లూ అలా కుదరదు. యాప్‌లు, ప్రోగ్రామ్‌లు ఒక పద్ధతికి అలవాటు పడ్డాక కెర్నల్ అప్‌డేట్ వల్ల అవి పాడవకూడదన్నది టోర్వాల్డ్స్ గట్టిగా పట్టుబట్టే రూల్. అంటే డ్రైవర్ ఏళ్లుగా తప్పు యూనిట్‌లో అంకె ఇస్తూ, జనం దానికి తగ్గట్టే యాప్‌లు రాసేసి ఉంటే, ఆ డ్రైవర్‌ని సరిచేయడమే కొత్త తప్పు అవుతుంది. అలాంటప్పుడు కోడ్‌ని అలాగే ఉంచి, డాక్యుమెంట్‌లోనే నిజం రాసుకోవాల్సి వస్తుంది. అందుకే కొత్త సిస్‌ఎఫ్‌ఎస్ ఫైల్ చేర్చేటప్పుడే డాక్యుమెంట్ కూడా ఉండాలని ప్యాచ్ పంపేవాళ్ల చెక్‌లిస్ట్‌లో రాసి పెట్టారు.

కెర్నల్ లోపలి ఫంక్షన్ల విషయంలో కథ పూర్తిగా రివర్స్. అక్కడ ఏదీ శాశ్వతం కాదు, అవసరమైతే ఎప్పుడైనా మారుస్తామని డెవలపర్లు బాహాటంగానే చెబుతారు. గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ఇదే విషయం మీద రాసిన ఒక డాక్యుమెంట్ కెర్నల్‌లోనే ఉంది. బయటికి కనిపించేది మారకూడదు, లోపలిది మారుతూనే ఉంటుంది. లోపలి డాక్యుమెంట్లు త్వరగా పాతబడేది ఇందుకే.

దీని దెబ్బ గట్టిగా తగిలేది నేర్చుకునేవాళ్లకి. ‘లినక్స్ డివైస్ డ్రైవర్స్’ పుస్తకం మూడో ఎడిషన్ 2005లో వచ్చింది. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, ఎంబెడెడ్ కోర్సులు చేసే స్టూడెంట్స్ ఇప్పటికీ దాన్నే డౌన్‌లోడ్ చేసుకుంటారు. అది 2.6.10 వెర్షన్ కెర్నల్‌కి రాసిన పుస్తకం. అందులో ఉన్నట్టు టైమర్ కోడ్ కొడితే ఇప్పటి కెర్నల్‌లో కంపైల్ కాదు. ఎందుకంటే టైమర్ పెట్టే పాత పద్ధతిని 4.15 వెర్షన్ నాటికి పూర్తిగా తీసేశారు. తప్పు ఎక్కడుందో తెలియక, తనకే రావడం లేదనుకుని రాత్రంతా కుస్తీ పట్టే స్టూడెంట్‌కి ఆ సంగతి ఎవరు చెప్పాలి? విచిత్రం ఏంటంటే, ఆ పుస్తకం రాసిన ముగ్గురిలో ఒకరైన జొనాథన్ కార్బెట్ కెర్నల్ డాక్యుమెంటేషన్ మెయింటెయినర్ కూడా. ఇంకొకరు పైన చెప్పిన గ్రెగ్. పుస్తకం ప్రింట్ అయ్యాక మారదు, కెర్నల్ ఆగదు. రాసినవాళ్లు ఎంత గొప్పవాళ్లయినా ఇందులో చేయగలిగింది లేదు.

హైదరాబాద్‌లో క్వాల్కమ్, ఏఎండీ లాంటి చిప్ కంపెనీలకు పెద్ద సెంటర్లు ఉన్నాయి. డ్రైవర్ల పని కోసం చూసే తెలుగు కుర్రాళ్లకి కెర్నల్‌లో అడుగు పెట్టడానికి డాక్యుమెంటేషన్ సులువైన గుమ్మం. ఖరీదైన బోర్డు అక్కర్లేదు. కెర్నల్ కోడ్ దించుకుని డాక్యుమెంట్లు బిల్డ్ చేస్తే వార్నింగ్‌లు వస్తాయి. ఒకటి తీసుకుని, ఆ ఫంక్షన్ కోడ్ చదివి, దాన్ని ఎవరెవరు పిలుస్తున్నారో చూసి, లేని వివరణ రాసి పంపొచ్చు.

అయితే ఒక తప్పు చాలామంది చేస్తారు. వార్నింగ్ పోతే చాలనుకుని, ‘డెవ్: డివైస్’, ‘వాల్యూ: విలువ’ అన్నట్టు పేరునే వివరణగా రాసేస్తారు. స్క్రిప్ట్ నోరు మూసుకుంటుంది. యూనిట్ ఏంటి, మైనస్ వస్తే అర్థం ఏంటి, ఎర్రర్ ఇస్తే ఎవరైనా వింటారా అన్నవి మాత్రం అలాగే మిగిలిపోతాయి. పైగా వార్నింగ్ ఉన్నప్పుడైనా ఎవరో ఒకరు అటు చూసేవారు. అది కూడా పోయాక ఆ ఫంక్షన్ వైపు మళ్లీ ఎవరి కన్నూ పడదు.